ఇంటి కింద కట్టేసిన గున్న

(సంఘం సాంస్కృతిక సభలో చేసిన ప్రసంగం పాఠం)



నన్ను గిరిజన బాలికల విద్య గురించి మాట్లాడమన్నారు. పోయినసారి కూడా అదే మాట్లాడాను. బడి మానేసే పిల్లలు, రక్తహీనత, కొత్త మెనూ... నేను చెప్పాను, మీరు ఓపిగ్గా విన్నారు. ఈసారి ఒక సినిమా గురించి చెప్తానని అధ్యక్షులు గారిని అడిగాను. "కొత్త సినిమావా అమ్మా?" అన్నారు. కాదండీ, 1927 నాటిది, మాటల్లేని సినిమా అన్నాను. ఆయన కాసేపు నన్నే చూసి, "సరే, పది నిమిషాల్లో ముగించు" అన్నారు. పది నిమిషాల్లో అవదు. ముందే క్షమించమని అడుగుతున్నాను.

సినిమా పేరు ‘ఛాంగ్’. తీసినది ఇద్దరు అమెరికా వాళ్ళు, మెరియన్ కూపర్, ఎర్నెస్ట్ షూడ్‌సాక్. కూపర్ మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం నడిపినవాడు. షూడ్‌సాక్ కెమెరా పట్టినవాడు. అంతకుముందు 1925లో వీళ్ళు ‘గ్రాస్’ అని ఒక సినిమా తీశారు. పర్షియా దేశంలో బక్తియారీ అనే తెగవాళ్ళు మందల్ని తోలుకుంటూ, చలి నీళ్ళ నది దాటి, మంచు కొండలెక్కి మేత కోసం వలస పోతారు. వాళ్ళతో కలిసి నడిచి తీసిన సినిమా అది. ఆ తర్వాత ఈ ఇద్దరూ సియాం దేశం వెళ్ళారు. ఇప్పుడు మనం థాయిలాండ్ అంటున్న దేశమే. దానికి ఉత్తరాన నాన్ అనే కొండ ప్రాంతం ఉంది, లావోస్ పక్కన. ఆ అడవుల్లో ఏడాదికి పైగా ఉండి ‘ఛాంగ్’ తీశారు. పారామౌంట్ కంపెనీ దాన్ని విడుదల చేసింది. ఆస్కార్ అవార్డులు మొట్టమొదటిసారి ఇచ్చినప్పుడు, అంటే 1929లో, కళాత్మక చిత్రం అనే విభాగంలో పోటీకి నిలిచిన మూడు సినిమాల్లో ఇదొకటి. అవార్డు ‘సన్‌రైజ్’కి పోయింది. ఆ విభాగాన్ని మరుసటి ఏడాదే తీసేశారు. అలా ఈ సినిమా ఒక మూలన పడిపోయింది. అదే ఇద్దరూ 1933లో తీసిన ‘కింగ్ కాంగ్’ మాత్రం లోకమంతా తెలుసు. ఆ సినిమాలో కోతి ఊరి మీద పడి గుడిసెలు తొక్కుకుంటూ పోయేది చూసినవాళ్ళు ‘ఛాంగ్’ చూస్తే, ఈ తొక్కుడు ఎక్కడినుంచి వచ్చిందో పట్టేస్తారు.

నేను దీన్ని వెతికి పట్టుకున్నది సినిమా మీద మోజుతో కాదు. నేను బీఈడీలో సోషల్ చదివినదాన్ని, సినిమాలు చూసే తీరికా తక్కువే. మా పార్వతీపురం మన్యం జిల్లాలో ఏనుగుల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఒడిశా కొండల మీదుగా దిగి, నాగావళి ఒడ్డునా, భామిని వైపునా ఏళ్ళ తరబడి తిరుగుతున్నాయి. అరటి, చెరుకు, వరి, మొక్కజొన్న, ఏది పండితే అది. మనుషుల ప్రాణాలూ పోయాయి. 2023 మే నెలలో భామిని మండలంలో నాలుగు ఏనుగులు కరెంటు తగిలి ఒకేసారి చనిపోయాయి. ఆ మర్నాడు పిల్లల ఇళ్ళనుంచి నాకు ఫోన్లు వచ్చాయి. ఒక నాన్న, "పీడ పోయింది మేడం" అన్నాడు. అదే ఫోన్ లాక్కుని వాళ్ళమ్మ, "అలాగనకూడదు, పాపం, ఆడదీ పిల్లలూ కదా" అంది. ఒకే ఫోనులో రెండు మాటలు. పిల్లలతో ఈ సంగతి ఎలా మాట్లాడాలో నాకు తోచలేదు. ఏదైనా వీడియో చూపిద్దామని వెతుకుతుంటే ‘ఛాంగ్’ కనబడింది. అమెరికాలో దాని హక్కుల గడువు అదే 2023 మొదట్లో తీరిపోయింది.

ముందు నేనొక్కదాన్నే చూశాను. కథ చెప్తాను, పెద్దది కాదు. క్రూ అని ఒక రైతు. భార్య చంతుయి, ఇద్దరు చిన్నపిల్లలు. ఊరికి దూరంగా అడవి నరికి, ఆ చోట వరి వేసుకుంటాడు. మన భాషలో చెప్పాలంటే పోడు. గుంజల మీద ఎత్తుగా ఇల్లు. ఇంటి కింద మేకలూ పశువులూ. ఇంకా బింబో అని ఒక తెల్ల గిబ్బన్ కోతి, ఇంట్లో పిల్లల్లో పిల్లలాగే ఉంటుంది. చిరుత వచ్చి మేకను ఎత్తుకుపోతుంది. క్రూ ఊరికెళ్ళి మనుషుల్ని పిలుచుకొస్తాడు. గోతులు, వలలు, బోన్లు, ఈటెలు. చిరుతలూ పులులూ చస్తాయి. ఇంతలో పండిన వరిని ఏదో తొక్కేస్తుంది. అదేమిటో తెలియక క్రూ గొయ్యి తవ్వి, పైన ఆకులు కప్పి కాపు కాస్తాడు. తెల్లారి చూస్తే గొయ్యిలో ఒక ఏనుగు గున్న.

ఇక్కడ ఒక్క మాట. సియాం భాషలో ఛాంగ్ అంటే ఏనుగు. కానీ సినిమా తీసినవాళ్ళు ఆ సంగతి ముందు చెప్పరు. ఛాంగ్ అనే మాటను భయంగా వాడుతూ, అదేమిటో మనల్నే ఊహించుకోమంటారు. ఇది నాకు నచ్చింది. మా హాస్టల్లో ఒక పాప వాళ్ళింట్లోనూ రాత్రిపూట ఏనుగు అని పలకరట. "ఆయనొచ్చాడు" అంటారట.

ఆ గున్నను క్రూ ఇంటికి తెచ్చి గుంజకు కట్టేస్తాడు. పెంచి పనికి వాడుకుందామని. తల్లి వస్తుంది. వచ్చి ఇంటిని గుంజలతో సహా లాగి పడేస్తుంది. ఆ కుటుంబం పరుగుపరుగున ఊరు చేరి, ఛాంగ్ వస్తోందని చెప్తే పెద్దలు నవ్వుతారు. ఎన్నో ఏళ్ళుగా రానిది ఇప్పుడెందుకొస్తుందని వాళ్ళ నమ్మకం. మంద వస్తుంది. ఊరంతా నేలమట్టం. తర్వాత మనుషులంతా కూడి, మందను దుంగలతో కట్టిన పెద్ద దొడ్డిలోకి తోలి, పట్టి, మచ్చిక చేసుకుంటారు. మైసూరు వైపు కాకనకోట అడవుల్లో ఖెడ్డా అని 1971 దాకా చేసిందీ ఇలాంటి పనే. క్రూ మళ్ళీ అడవికే పోయి ఇల్లు కట్టుకుంటాడు.

సినిమా మొదట్లో తెరమీద అక్షరాలు వస్తాయి. ఇందులో నటించినవాళ్ళు ఎన్నడూ సినిమా చూడని అడవి మనుషులు, తుపాకీ భయం తెలియని అడవి జంతువులు అని గొప్పగా చెప్పుకుంటారు. నిజానికి ఇది ఉన్నదున్నట్టు తీసింది కాదు. కథ ముందే అల్లుకున్నారు, సన్నివేశాలు కావాల్సినట్టు చేయించారు. ఏనుగులు ఊరు తొక్కే చోట కొన్ని ముక్కలకు బొమ్మరిళ్ళంత గుడిసెలు కట్టి, వాటిమీద గున్నల్ని తోలారట. ఇంకో మాట కూడా చెప్పాలి. చచ్చిన చిరుతలూ పులులూ మాత్రం బొమ్మలు కావు, నిజంగానే చచ్చాయి. కెమెరా కోసం చచ్చాయి. అది చూస్తే ఇప్పటికీ నాకు బాగోదు. ఇవాళ అలా తీస్తే జైలే. బింబో నోట్లో పెట్టిన హాస్యం మాటలు కూడా నాకు ఎక్కలేదు. అమెరికా ప్రేక్షకుల్ని నవ్వించడానికి రాసుకున్న మాటలవి.

మరి ఎందుకు చూపించానంటే, ఆ ఇల్లు. ఆ ఇంటి పనులు. వరి, మేకలు, నిచ్చెన, పొద్దుగూకితే పశువుల్ని కిందికి తోలడం. తొంభై ఏళ్ళు దాటిన సినిమాలో, ఎవరిదో దేశంలో, మా అమ్మమ్మ బతుకు కనబడింది. మా పాఠ్యపుస్తకాల్లో ఆ బతుకు ఒక పేజీ, ఒక బొమ్మ, కింద మూడు ప్రశ్నలు.

ఒక ఆదివారం సాయంత్రం హాల్లో టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి వేశాను. తెరమీద ఇంగ్లీషు అక్షరాలు వచ్చినప్పుడల్లా ఆపి, నేను తెలుగులో చెప్పాను. ఇద్దరు పెద్ద పిల్లలు వెనక కూర్చున్న చిన్నవాళ్ళకు సవరలో చెప్పారు. నేను ఒక వాక్యం చెప్తే వాళ్ళు నాలుగు చెప్తున్నారు, పిల్లలు విరగబడి నవ్వుతున్నారు. బింబో మాటలు అసలు సినిమాలో కంటే ఆ సవరలోనే బాగుండి ఉంటాయని నా అనుమానం. జంతువుల్ని చంపే చోట రిమోట్ నొక్కి ముందుకు పోనిచ్చాను. "ఎందుకు మేడం, మేం మేకని కోయడం చూడలేదేటి?" అని గోల చేశారు. వార్డెన్ అన్నాక కొన్ని గోలలు వినబడనట్టు ఉండాలి.

పులి వచ్చినప్పుడు ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె అడిగింది: "ఈ సినిమాని క్రూ వాళ్ళకి చూపించారా మేడం?" నేను నోరు తెరిచేలోపు పక్కనున్న పిల్ల, "చూపిస్తే వాళ్ళు నవ్వుతారే, పులి అలాగ ఎదురుగా నిలబడి ఫొటో దిగుద్దా?" అంది. నాకు బీఈడీలో మీడియా విమర్శ అని ఒక పాఠం ఉండేది. ఇరవై పేజీలు. దాని సారం ఆ పిల్ల ఒక్క మాటలో తేల్చేసింది.

గున్నను కట్టేసిన చోటుకి వచ్చేసరికి హాలు నిశ్శబ్దం అయిపోయింది. గున్న తాడు లాగుతోంది. ఇంట్లోవాళ్ళకు ఏమీ పట్టలేదు. చెట్ల వెనక కొమ్మలు కదిలాయి. మూడో తరగతి చదివే చిన్నది, హాస్టల్లో చేరి అప్పటికి రెండు నెలలు కాలేదు, లేచి నిలబడి "దానమ్మ వచ్చీసింది!" అని అరిచింది. అంతే, అరవై మంది పిల్లలు చప్పట్లు. ఇల్లు కూలుతుంటే చప్పట్లు, ఈలలు. క్రూ కష్టపడి కట్టుకున్న ఇల్లది. మనవాడే, పోడు రైతే. అయినా పిల్లలంతా ఏనుగు వైపే.

నేను గోడకు ఆనుకుని నిలబడిపోయాను. నా నడుముకి తాళాల గుత్తి ఉంది. పిల్లలు ఎవరికోసం చప్పట్లు కొడుతున్నారో అప్పుడు తెలిసింది. చేరిన మొదటి నెలంతా రాత్రిళ్ళు దుప్పట్లో ఏడ్చే పిల్లల్ని నేను పద్దెనిమిదేళ్ళుగా చూస్తున్నాను. "రెండో ఆదివారం వస్తుందిలే మీ అమ్మ" అని చెప్పడం నాకు అలవాటైపోయింది. గేటు మీద బోర్డు కూడా ఉండేది, కలిసే రోజులు ఇవీ అని. కొండమీది ఊరినుంచి తెల్లారకుండా బయల్దేరి, జీపు దొరక్క నడిచి, తప్పు రోజున వచ్చిన తల్లుల్ని నేనే తిప్పి పంపాను. చేతిలో సంచిలో ఉడకబెట్టిన కర్రపెండలం. లోపలికి పంపిస్తాలే అని తీసుకున్నాను. తల్లిని పంపలేదు. రూలు కాబట్టి. ఆ తల్లులెవరూ నా గేటు లాగి పడెయ్యలేదు. వంగి దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత పైవాళ్ళని అడిగి ఆ బోర్డు తీయించాను. ఏ రోజు వచ్చినా వరండాలో కూర్చుని పిల్లతో కలిసి అన్నం తినొచ్చు, రిజిస్టర్లో వేలిముద్ర వేస్తే చాలు. మొదట్లో పిల్లలు తల్లులతోపాటు ఇంటికి వెళ్ళిపోతారని మా సిబ్బంది భయపడ్డారు. ఇద్దరు వెళ్ళారు, నిజమే. వారానికి ఇద్దరూ తిరిగొచ్చారు.

సినిమా సంగతికి వస్తాను. అంతా చప్పట్లు కొడుతున్నప్పుడు ఒక పాప మాత్రం కొట్టలేదు. ఆరో తరగతి. పేరు చెప్పను, ఇక్కడే ఉంది. వాళ్ళ ఊళ్ళో ఏనుగులు వచ్చిన రాత్రి వాళ్ళ ఇంటి గోడ పడిపోయింది. ధాన్యం పోయింది. తాత కాలు విరిగింది. సినిమా అయ్యాక చాపలు చుడుతూ నా దగ్గరకొచ్చి నెమ్మదిగా అడిగింది: "మేడం, మేం గున్నని కట్టీలేదు కదా. మరి మా ఇల్లెందుకు కూల్చీసింది?"

ఈ ప్రశ్న కోసమే నేనీరోజు ఇక్కడ నిలబడ్డాను.

సినిమాలో లెక్క సులువు. పిల్లని కట్టారు, తల్లి వచ్చింది, ఇల్లు పోయింది. తప్పు చేసినవాడు కళ్ళెదురుగా ఉన్నాడు, శిక్ష వాడికే పడింది. మన దగ్గర లెక్క అలా లేదు. తాడు కట్టినవాళ్ళు వేరు, ఇల్లు పోయినవాళ్ళు వేరు. ఏనుగు రోజుకి నూట యాభై కిలోల దాకా మేత తినే జంతువు. ఒకచోట ఉండదు, తల్లులూ పిన్నులూ పిల్లలూ గుంపుగా, పెద్ద ఆడ ఏనుగు వెంట, దానికి గుర్తున్న దారిలో పోతాయి. ఆ దారిలో గనులొచ్చినా, కాలవలొచ్చినా, రోడ్లొచ్చినా, కరెంటు తీగలొచ్చినా అవి పక్కకు తిరిగి కొత్త దారి వెతుక్కుంటాయి. ఆ కొత్త దారిలో మన పాప వాళ్ళ ఇల్లుంది. ఆడ ఏనుగు ఒక గున్నను ఇరవై రెండు నెలలు మోస్తుంది. అంత కష్టపడి కన్నదాన్ని నడిపించుకుంటూ ఎక్కడ నీళ్ళు, ఎక్కడ గింజ ఉంటే అక్కడికి వస్తుంది. ఇదంతా ఆ రాత్రి ఆ పాపకు చెప్పాను, పటం గీసి చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే అదీ మాలాగే దారి తప్పిందన్నమాట" అంది. ఓదార్పు కలిగిందని నేననుకోను. తాత కాలు మాత్రం కాలే.

వాళ్ళ నాన్నతో నష్టపరిహారం కోసం ఒక ఆఫీసుకి నేనూ వెళ్ళాను. "ఏనుగు వచ్చినట్టు ఫొటో ఉందా?" అని అడిగారు. అర్ధరాత్రి, కరెంటు తీసేసిన ఊళ్ళో, గోడ పడుతుంటే ఫొటో. ఆయన ఏమీ అనకుండా నావైపు చూశాడు. ఇంకో కాగితం అడిగారు. పోడు పట్టా చనిపోయిన తండ్రి పేరున ఉంది, మార్పించుకొని రమ్మన్నారు. మూడుసార్లు తిరిగాం. ‘ఛాంగ్’లో క్రూ మాట నమ్మకుండా నవ్విన పెద్దలు నాకు అప్పుడు గుర్తొచ్చారు. వాళ్ళు కనీసం అదే ఊళ్ళో ఉన్నారు, మంద వచ్చినప్పుడు వాళ్ళ ఇళ్ళూ పోయాయి. ఆఫీసులో కూర్చున్నవాళ్ళ ఇంటిమీదికి ఏనుగు రాదు.

సంఘం పెద్దలకు నా విన్నపం ఒక్కటుంది. ఊరూరా ఒకరో ఇద్దరో చదువుకున్న పిల్లలున్నారు. ఏనుగులు వచ్చిన రాత్రి, తేదీ, ఏ వైపునుంచి వచ్చాయి, ఎన్ని, గున్నలున్నాయా, ఏం తిన్నాయి, ఎటు పోయాయి, ఇవి ఒక నోటు పుస్తకంలో రాయించండి. పోయిన ఏడాదినుంచి మా హాస్టల్ పిల్లలు సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు రాసుకొస్తున్నారు. పదకొండు ఊళ్ళవి పోగయ్యాయి. కొందరు బొమ్మలు కూడా వేశారు, ఏనుగు కంటే చిన్నగా ఇల్లు వేసినవాళ్ళూ, ఇంటికంటే చిన్నగా ఏనుగుని వేసినవాళ్ళూ ఉన్నారు. పుస్తకం ఈ బల్లమీద పెట్టాను. ఆ పాప నాన్న మూడోసారి వెళ్ళినప్పుడు ఇందులో వాళ్ళ ఊరి పేజీ జిరాక్సు తీసి కాగితాలకు జత చేశాం. డబ్బు ఇంకా రాలేదు. కాగితం మాత్రం తీసుకున్నారు, తోసెయ్యలేదు.

సియాం అడవిలో ఆ ఇద్దరు అమెరికా వాళ్ళు క్రూ కథ తీసి పట్టుకుపోయారు. న్యూయార్క్ హాల్లో ఏనుగుల మంద వచ్చే చోట తెరను మామూలుకంటే పెద్దది చేసి చూపిస్తే జనం ఉలిక్కిపడ్డారట. క్రూ తన నోటితో చెప్పుకుని ఉంటే ఆ కథ ఎలా ఉండేదో అని మా ఎనిమిదో తరగతి పిల్లలు ఒక వ్యాసం రాశారు. అందులో ఒక పిల్ల రాసిన క్రూ, గున్నను సాయంత్రమే వదిలేస్తాడు. రాత్రంతా నిద్రపోకుండా నిచ్చెన పైకి లాక్కుని, చెవులు రిక్కించి కూర్చుంటాడు. తెల్లారేసరికి ఇల్లు ఉంటుంది, వరి ఉండదు. సినిమాకు పనికిరాని కథ. ఆ వ్యాసానికి పదికి పది వేశాను.

అధ్యక్షులు గారు గడియారం చూస్తున్నారు, అయిపోయిందండీ. తెర కట్టారు, ప్రొజెక్టర్ కూడా పనిచేస్తోంది, పొద్దున్నే చూసుకున్నాం. సినిమా గంటా పది నిమిషాల లోపే, అయినా అంతా వేయను. గొయ్యిలో గున్న పడినచోటునుంచి ఇల్లు కూలేదాకా చూద్దాం. వెనకనున్న అమ్మలు ముందుకు రండి, కుర్చీలున్నాయి. తెలుగు నేను చెప్తాను, సవర చెప్పడానికి మా పిల్లలిద్దరూ సిద్ధంగా ఉన్నారు. బాబూ, ఆ వెనక లైట్లు తీసేయండి.

జై ఆదివాసీ.